ప్రొద్దు గ్రుంకులోపల

కేకలు వేయువానినే మనము కోపిష్ఠి యందుము. గట్టు తగాదాలో తమ్మునితో మాటలు మానుకొని, పదేండ్లుగా ఎదురుపడినప్పుడెల్ల తల త్రిప్పుకొని పోవువానిని నెమ్మదస్థుడందుము. నాకు ఈ రెండవవానిని గూర్చియే భయమెక్కువ.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 4:26లో పౌలు కోపమే రాకూడదనలేదు. దానికి గడువు పెట్టెను, ప్రొద్దు గ్రుంకువరకే. యూదుల లెక్కలో ప్రొద్దు గ్రుంకగానే మరుదినము ఆరంభమగును. కనుక నేటి కోపమును మరుదినములోనికి మోసికొనిపోరాదని ఆయన భావము కాబోలు.

"మరి న్యాయము మాటేమి?" అందురేమో. గట్టు కొలుచుటకు సర్వేయరు వచ్చువరకు ఆగవలసినదే. తమ్ముని గుమ్మము ముందు నిలిచి "అన్నము తింటివా?" అని అడుగుటకు ఎవరు రావలెను? మొదటి సాయంత్రము నోరు పెగలదు, నిజమే. పదేండ్లయిన తరువాత పెగలుట మరింత కష్టము.