చివరి చేయి

ధనము నప్పగించినవాడు లెక్క యడుగును. మందు పుచ్చుకొన్న రోగి లెక్క యడుగజాలడు. రూపాయి మంచిదో చెల్లనిదో చూచి తెలిసికొనవచ్చును గాని, మాత్రను కంటితో చూచి దాని గుణమును తెలియుట పండితునకును సాధ్యము కాదు. కావున ఇతర వ్యవహారములలో నిజాయితీ ఒక సద్గుణము. మందు నిచ్చుటలో అది ఋణము. పుచ్చుకొనువాడు పరీక్షింపజాలని దానికి ఇచ్చువాడు జవాబుదారి యగుటయే ఆ ఋణమును తీర్చు మార్గము.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఈ ఋణమును మోయునది మితానిన్. బాలికలు స్నేహమును వ్రతముగా స్వీకరించి జీవితాంతము ఒకరికొకరు మితానిన్ యగుట ఆ సీమ ఆచారము. 2002లో ఆరంభమైన గ్రామారోగ్య పథకము ఆ పేరునే గ్రహించెను. మితానిన్ వైద్యురాలు కాదు; పొరుగింటి స్త్రీ. జ్వరమునకు, విరేచనములకు వలయు మందులు ఆమె పెట్టెలో నుండును. జనులు నమ్మునది మందును కాదు, ఆమెను.

2014 నవంబరు 8వ తేదీన బిలాస్‌పూరు సమీపమున పెండారిలో, వాడుక తప్పిన ఒక ఆసుపత్రిలో, 83 మంది స్త్రీలకు కొన్ని గంటలలో ఒకే వైద్యుడు సంతాననిరోధక శస్త్రచికిత్స చేసెను. దినమునకు 30కి మించరాదని ప్రభుత్వ నియమము. వారిలో పలువురిని తోడ్కొనివచ్చినది మితానినులే. పిమ్మట 13 మంది మరణించిరి. ఇచ్చిన మాత్రలలో ఎలుకల మందు కలసెనని అధికారులు అనుమానించిరి. శుచి లోపించి విషజ్వరము సోకెనని మరికొందరు వాదించిరి. 2016లో సుప్రీంకోర్టు అట్టి శిబిరములను మూడేండ్లలోగా నిలుపవలెనని ఆదేశించెను.

ఇట్టి సమయమున ప్రతివాడును పలుకు వాక్యము ఒక్కటే: ‘నాకు వచ్చినదానిని నేనిచ్చితిని.’ ఈ వాక్యము అసత్యము కాకపోవచ్చును, కాని నిర్దోషమా?

బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. రైలు కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా అచట కాపురమున్నవి. ఆ ఊరివారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పట్టాలు బాగుచేయుచున్న తావున బండి వేగము తగ్గింపవలెనను కాగితమును, కాషన్ ఆర్డరును, అందుకొన్న డ్రైవరు సంతకము చేయును. అది అతనిపై అనుమానము కాదు, అతనికి అవమానమును కాదు. అతని సంతకము ఇచ్చినవాని బాధ్యతను తుడిచివేయదు. దానిపై మరియొక బాధ్యతను చేర్చును. బాధ్యత పంచుకొన్న కొలది తరుగునది కాదు.

మందు విషయమునను ఇంతే. మూసియున్న మాత్రలోని విషమును మితానిన్ కనుగొనలేదు. ఆమెనుండి అది కోరుట అన్యాయము. కాని ఏ పొట్లములోని మాత్ర, ఎవరికి, ఏనాడు ఇచ్చినదియు వ్రాయుట ఆమె చేతిలోని పని. ఒకరికి వికటించినచో తక్కినవి ఇచ్చుట మాని, తెలియజేయుటయు ఆమె పనియే. కారణమును గూర్చి వాదము పుట్టిన దినమున ఆ పంక్తియే సాక్షి.

ఇచట ఒక చిక్కు కలదు. పొరపాటు చెప్పిన స్త్రీని వెంటనే పనినుండి తొలగించినచో, మరునాడు మరియొకతె మౌనము వహించును. సత్యమునకు శిక్ష, మౌనమునకు క్షేమము కలిగించి, పై అధికారి క్రిందివారి నిజాయితీని కోరజాలడు. మితానిన్ పుస్తకమును తనిఖీ చేయువాడు మందు కొన్న పుస్తకమును సైతము అందరికిని చూపవలెను.

అట్లని భయము కప్పిపుచ్చుటను సమర్థింపదు. పొరపాటు మానవసహజము, దాచుట మాత్రము ఎంచుకొన్న పని. విచారణసంఘమునకు సంవత్సరముల వ్యవధి యుండును. తప్పుమందు మ్రింగినవానికి ఉండునది కొన్ని గంటలే. ఆ గంటలలో పలికిన సత్యము ప్రాణము నిలుపగలదు. తరువాత పలికినది నివేదిక మాత్రమగును.

మందు ఎన్ని చేతులు మారి వచ్చినను, రోగి చూచునది చివరి చేతినే. ఆ చేతిని నమ్మి అతడు నోరు తెరచును. వెనుకనున్న చేతులన్నియు ఆ నమ్మకమునకు బద్ధములే.