పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరుగుతారా?



మొన్నొక రోజు తెల్లారి షిఫ్టుకి బయల్దేరిన మా పక్కింటాయన గేటు దాకా వెళ్ళి మళ్ళీ లోపలికొచ్చేశారు. ఏమైందండీ అంటే, "పిల్లి ఎదురొచ్చినాది బాబూ, కాసేపు కూకుని ఎల్తాను" అన్నారు. ఆ పిల్లి మా ఇంటిదే. పాలప్యాకెట్టు చప్పుడు విని పరిగెత్తుకొస్తోంది, అంతే. ఆయన తనకు ఎదురొచ్చాడని అది అనుకోలేదు. అలా అనుకునేది మనుషులమే.

గాజువాక వైపు మా అద్దె ఇంట్లో రెండు పిల్లులున్నాయి. టీవీ వైరు, మా అమ్మాయి జడ కొస, గోడమీద కదిలే నీడ, అన్నీ వాటికి ఆటే. నేను పంచడానికి కట్టిపెట్టిన కరపత్రాల మీదే నిద్ర. "పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం" అన్నారు పెద్దలు. నిజమే, పిల్లి ఆటంతా వేటకి సాధనే. కానీ అది దాని స్వభావం. పంచశీల తీసుకున్నది పిల్లి కాదు, మనం.

బుద్ధుడు కూడా పిల్లిని ఉపమానంగా చెప్పాడు. సంయుత్త నికాయంలో బిళార సుత్తం ఉంది, బిళారమంటే పాళీలో పిల్లి. చెత్తకుప్ప దగ్గర ఒక పిల్లి ఎలుక కోసం కాచుకుంటుంది. ఎలుక రాగానే ఆత్రంగా మింగేస్తుంది. ఆ ఎలుక లోపలికెళ్ళి దాని పేగుల్నే కొరికేస్తుంది. ఎరుక లేకుండా ఊళ్ళోకి భిక్షకు వెళ్ళే భిక్షువు గతి ఇంతే అన్నాడు బుద్ధుడు. ఆత్రంగా చేసిన పని మనల్నే లోపలినుంచి తింటుంది. ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు, ఒక తప్పు చేశాక అర్థమైంది.

పోయిన వేసవిలో మా వీధి చివర పాత షెడ్డులో ఒక వీధిపిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. రాత్రిళ్ళు గోల, కంపు అని వీధిలో వాళ్ళు గొడవపెట్టారు. "ఫిషింగ్ హార్బర్లో వదిలేయండి, చేపలు తిని బతుకుతాయి" అన్నారు. నాకూ అది మంచిపనే అనిపించింది. చేతికి చిక్కిన రెండింటిని గోనెసంచిలో వేసుకుని స్కూటరు మీద తీసుకెళ్ళి వదిలేశాను.

ఆ రాత్రి తల్లి షెడ్డు చుట్టూ తిరుగుతూ అరిచింది. మర్నాడు రాత్రీ అరిచింది. మూడో రాత్రి మా అమ్మాయి లేచి కూర్చుని, "నాన్నా, అది ఎవర్ని పిలుస్తోంది?" అని అడిగింది. తెల్లారగానే హార్బరుకి వెళ్ళాను. వలల మధ్య, ఐసు పెట్టెల వెనక, లారీల కింద వెతికాను. దొరకలేదు. అవి ఇంకా తల్లిపాలు మానని కూనలు. చేపలెక్కడ తింటాయి?

మిత్రులారా, బస్తీవాళ్ళని లారీల్లో ఎక్కించి ఊరవతల దింపేసి "పునరావాసం" అంటారేంటి అని ధర్నాల్లో మైకు పట్టుకుని అడిగినవాణ్ణి నేను. గోనెసంచి నా చేతిలో ఉన్నప్పుడు నేనూ అదే చేశాను. నాకున్న ఇబ్బందిని కంటికి కనపడనంత దూరంలో పారేసి, దానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

బాబాసాహెబ్ తన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో కరుణకీ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ మనుషుల పట్ల ప్రేమ. బుద్ధుడు అక్కడ ఆగలేదు, సకల ప్రాణుల పట్ల మైత్రిని బోధించాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీద దయ చూపడం కూడా ఉంది.

ఇక శకునాల మాట. పిల్లి ఎదురొస్తే కీడు అన్న నోరే భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే కీడు అంది. మన తాతల నీడ పడితే మైల అన్నదీ ఆ నోరే. అలాంటిది మనం కూడా ఒక ప్రాణిని చూసి వెనక్కి తిరగడమా? మంగళ సుత్తంలో బుద్ధుడు శుభాన్ని ఎదురొచ్చినవాళ్ళలో వెతకమనలేదు. తల్లిదండ్రుల సేవ, దానం, మంచి నడత, ఇవే మంగళం అన్నాడు.

మిగిలిన రెండు కూనలు షెడ్డులోనే పెరిగాయి. రెండో వారం నుంచి ఏడో వారం లోపల మనిషి చెయ్యి తగిలిన కూనకి మచ్చిక తేలిగ్గా వస్తుంది. వీటికి ఆ వయసు దాటిపోయింది, దగ్గరకెళ్తే బుసకొట్టేవి. రోజూ ఒకే వేళకి గిన్నె పెట్టి, పది అడుగుల దూరంలో కూర్చునేవాణ్ణి. కళ్ళలోకి సూటిగా చూసేవాణ్ణి కాదు. మూడు నెలలకి ఒకటి నా చెప్పుల మీద పడుకుంది. రెండోది ఈనాటికీ రాదు. నేను లేచి వెళ్ళాకే తింటుంది. ఒళ్ళో పడుకునే పిల్లిని ప్రేమించడం సులువే. మనల్ని నమ్మని ప్రాణి కూడా సుఖంగా ఉండాలని కోరుకోవడమే మైత్రి సాధన. ఆ రెండోదే నాకు గురువు.

మనం చేయదగినవి:

- ఎనిమిది వారాల లోపు కూనల్ని తల్లి నుంచి వేరు చేయకండి.
- తిండి పెట్టడంతో బాధ్యత తీరదు. ఆడపిల్లి ఐదారు నెలలకే చూలు కట్టొచ్చు, రెండు నెలల్లో ఈనుతుంది. పశువైద్యుడితో మాట్లాడి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.
- కరిచినా రక్కినా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా విషయంలో అశ్రద్ధ వద్దు.
- ఆకలి దప్పులపాలయ్యేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. ప్రాణుల పట్ల దయ రాజ్యాంగం 51ఎ అధికరణం చెప్పిన పౌరధర్మం.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కి చూడండి. భిక్షువుల కాలంలో రాతిలో తొలిచిన నీటితొట్లు ఇంకా ఉన్నాయి. మనం కొండ తొలవక్కర్లేదు. గుమ్మం పక్కన ఒక మట్టిమూకుడులో నీళ్ళు పెడదాం. రేపు పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరగకండి. ఒక్క క్షణం ఆగి, దాన్ని ముందు వెళ్ళనివ్వండి.

జై భీమ్! నమో బుద్ధాయ!