యతి స్థానంలో అనుమానం

ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఏటా గజేంద్రమోక్షం పాఠం, మొసలి పట్టిన ఏనుగు దేవుణ్ణి పిలిచే కథ, రాగానే ఎవడో ఒకడు లేచేవాడు: 'మాస్టారూ, అంత భక్తుడు దేవుడు ఉన్నాడో లేడో అనొచ్చా?' 'ప్రాణం మీదికొచ్చింది కదరా' అని దాటేసేవాణ్ణి. ఒక ఏడు ఓ పిల్ల ఊరుకోలేదు. 'అయితే కష్టమొస్తే నమ్మకం పోవచ్చా?' అంది. జవాబు తోచక, బోర్డు మీద ఏనుగు అనుమానపడే ఆ పద్యం రాసి గణాలు కట్టమన్నాను. ఏమీ తోచనప్పుడు తెలుగు పంతులు చేసే పని అదే.

జవాబు ఆ గణాల్లోనే దొరికింది.

అది కందం. 4 పాదాలకూ కలిపి 64 మాత్రలే. అంత ఇరుకులోనూ పోతన మొదటి మూడు పాదాలను ఒకే మాటతో ఎత్తుకున్నాడు: ఉన్నాడంటారు. దీనుల దగ్గర, యోగుల దగ్గర, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అన్నీ వినికిడి మాటలే, ఏనుగు కళ్లారా చూసింది లేదు. నాలుగో పాదం 'ఉన్నాడు' అనే క్రియతో మొదలవుతుంది. నాలుగో గణం మొదటి అక్షరం యతి స్థానం, పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. అక్కడ కూర్చున్నది ఆ క్రియే, కాకపోతే చివర 'ఓ' చేరి సందేహమైంది. నమ్మకానికి అనుమానంతోనే యతి కుదిరింది. పాదం చివర గురువు ఉండితీరాలి, ఆ గురువు కూడా సందేహపు దీర్ఘమే. ఆ మాటలు ఎత్తేస్తే పద్యం నిలబడదు.

ఇంకో సంగతి ఉంది. ఈ కందంలో దేవుడు 'అతడు'. ఉన్నాడా లేడా అన్నది ఎదుట లేనివాడి గురించిన మాట. కొన్ని పద్యాలు దాటాక శార్దూలంలో ఏనుగు 'నువ్వు' అని పిలుస్తుంది. ఈలోగా ఎవరూ వచ్చి రుజువు చూపించలేదు. సందేహాన్ని తీర్చింది తర్కం కాదు, పురుష మారింది, అంతే.

బోర్డు వంక చూస్తూ ఆ పిల్ల, 'అయితే అనుమానం తీరాక పిలవలేదన్నమాట' అంది. నేను తలూపాను.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. రోజూ పొద్దున్నే దీపం పెడతాను. మా నాన్న పెట్టేవాడు కనుక, ఉన్నాడంటారు కనుక. నాలుగో పాదం దాకా నేనింకా రానేలేదు. మొసలి పట్టలేదు కాబోలు.