ఇంజను చప్పుడు - యజమాని ధర్మము

తన వస్తువు చెడినదేమో అను సందేహము కలిగిన పిమ్మట దానిని పరీక్షింపక ఊరకుండుట అజాగ్రత్త మాత్రమేనా, దోషమా? ఈ ప్రశ్నకు సమాధానమును ధర్మశాస్త్రములలో వెదకుటకు ముందు లారీ షెడ్డులో వెదకుట మేలని నా అభిప్రాయము.

టాటావారు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ సంస్థతో 1954లో ఒప్పందము చేసికొని తయారుచేసిన లారీల ముందు భాగమున 1969 వరకు మూడు కొనల నక్షత్రము ఉండెడిది. ఆ తరపు బండ్లు నేడు బహు అరుదు. అట్టి పాత లారీ ఒకటి గుడివాడ బియ్యపు మిల్లునకు ధాన్యము తెచ్చుటకై పులిగడ్డ దాటి అవనిగడ్డ వైపు తిరుగుచున్నదనుకొందము. ఇంజను వేడెక్కిన కొలదియు ఆయిలు మీటరు ముల్లు దిగిపోవుచున్నది. బరువు లాగునపుడు క్రిందినుండి ఠక్కుఠక్కుమని చప్పుడు వినవచ్చుచున్నది. "ఇంజను కొడుతోందండి" అని డ్రైవరు చెప్పినాడు. "ఈ కోతలు గడవనీరా, తరువాత చూద్దాం" అని యజమాని అన్నాడు.

ఇంగ్లండులో డబ్ల్యు. కె. క్లిఫర్డు అను గణితవేత్త 1877లో ప్రకటించిన ఒక వ్యాసములో ఇటువంటి యజమాని ఒకడు కనబడును. వాని ఓడ పాతది. ప్రయాణికులను ఎక్కించుటకు ముందు వానికి సందేహము కలిగినది; కాని ఇన్నిమారులు క్షేమముగా తిరిగివచ్చినది గదాయని తన్ను తానే నమ్మించుకొన్నాడు. ఓడ మునిగినది. ఓడ మునుగక ఒడ్డు చేరినను వాని దోషము రవ్వంతయు తగ్గదని క్లిఫర్డు వాదము. నమ్మకము నిజమైనదా కాదా అని గాక, అట్లు నమ్ముటకు వానికి హక్కు కలదా అని ఆయన అడుగును. ఈ తీర్పు కఠినమని కొందరందురు. లారీపై బస్తాల మీద కూర్చుండి రాత్రివేళ కాలువగట్టు వెంట వచ్చు హమాలీలను తలచుకొన్న నాకు అది కఠినముగా తోచదు.

అయితే పరీక్షింపుమని చెప్పుట తేలిక. ఎట్లు పరీక్షింపవలెను? ఇక్కడనే ధర్మము సూక్ష్మమగును. ముల్లు పడినంతనే ఇంజను చెడినదని కాదు. బందరు ఉప్పుగాలికి తీగల కొనలు చిలుము పట్టును, మీటరే అబద్ధమాడుచుండవచ్చును. కనుక ముందు ఆయిలు మట్టమును, ఆ పిదప ఆయిలు రంగును చూడవలెను. పాలు కలిసిన టీవలె ఉన్నచో నీరు చేరినది; పలుచబడి డీజిలు వాసన కొట్టుచున్నచో డీజిలు కలిసినది. తరువాత వేరొక మంచి మీటరును ఇంజనుకే నేరుగా బిగించి చూడవలెను. అదియు తక్కువే చూపినచో జల్లెడ మూసికొనుట, పంపు అరుగుట, ఒత్తిడిని అదుపుచేయు వాల్వు స్ప్రింగు సడలుట, బేరింగులు అరుగుట అను కారణములలో ఏదో ఒకటి. చల్లని ఇంజనులో ఒత్తిడి బాగుండి, వేడెక్కిన పిమ్మట పడిపోవుచు, దానికి లోతైన కొట్టుడు తోడైనచో బేరింగులనే ముందు అనుమానింపవలెను. పంపు తనంత తాను ఒత్తిడిని పుట్టింపదు. ఇరుకు సందులలో ఆయిలుకు కలుగు అడ్డే ఒత్తిడి. సందు రెండింతలైనచో అందుండి కారిపోవు ఆయిలు సుమారు ఎనిమిది రెట్లగును.

చప్పుడును గూర్చియు ఇట్లే. ఇంజను మెల్లగా తిరుగుచుండగా ఒక్కొక్క నాజిలు గొట్టము నట్టును వదులుచేసి ఆ సిలిండరుకు డీజిలు ఆపుదురు. ఏ సిలిండరు ఆగినపుడు కొట్టుడు తగ్గునో అందలి బిగ్ ఎండు బేరింగు మీదికి అనుమానము పోవును. కాని నాజిలు చెడినను అదే సిలిండరువద్ద చప్పుడు ఆగును! అందుచేత నిజాయితీ గల మేస్త్రీ ఆ నాజిలును మరియొక సిలిండరుకు మార్చి చూచును. చప్పుడు నాజిలు వెంట పోయినచో ఇంజను దింపవలసిన పనిలేదు.

ఈ ఒక్క పరీక్షను చేయకపోవుటలో రెండు విధముల పాపమున్నది. చప్పుడు వినగానే యజమానిని భయపెట్టి, క్రాంకు, బోరు, పంపు అని పెద్ద లెక్క వ్రాయువాడు ఒకడు. చిక్కని ఆయిలు పోసి, వాల్వు స్ప్రింగు క్రింద వాషరు పెట్టి, ముల్లును పైకి లేపి బండిని అమ్మించువాడు మరొకడు. మొదటివానిని లోకము దొంగ యనును. రెండవవానిని నేర్పరి యనును. ఇది నాకు బొత్తిగా మింగుడుపడదు. కాయకమును గూర్చి ఈ పుటలలో తరచు చదువుచుందుము. స్ప్రింగు క్రింది వాషరు ఎవరికిని కనబడదు. మేస్త్రీ కాయకమునకు పరీక్ష అక్కడనే.

క్లిఫర్డు కథలో యజమానికే సందేహము పుట్టినది. మన కథలో చప్పుడు విన్నవాడు డ్రైవరు. బండిని ఆపగల అధికారము యజమానిది. విన్నవానికి అధికారము లేదు, అధికారము గలవాడు వినుటలేదు. ఒకమారు చెప్పితినిగదా యని డ్రైవరు చేతులు దులుపుకొనవచ్చునా? అతని కూలి ఆ బండిమీదనే ఉన్నది గనుక వానిని నిందించుటకు నాకు మనసొప్పదు. చెప్పినను ఉద్యోగము పోదను ధైర్యమును అతనికి కలిగించుట యజమాని వంతు.

ఇంజను పనికి డబ్బు లేదందురా? పేద యజమాని మాట కొట్టివేయదగినది కాదు. క్రాంకు గీతలు పడకున్నచో ఇంజను దింపకయే ఛాంబరు విప్పి బిగ్ ఎండు బేరింగులు మార్చవచ్చును. అంతవరకు బండిని నిలుపవలెను. సగము బరువుతో నడుపుదమనుట కూడ తన్ను తాను నమ్మించుకొనుటయే. ఛాంబరు దింపునపుడు అడుగున రాగిరంగు రజను కలదేమో చూడవలెను. ఆ సమయమున డ్రైవరును కూడ దగ్గర నిలుపుట మంచిది. చదునైన ఈ డెల్టాలో ఇంజను ఒగర్చునది వంతెనలు ఎక్కునపుడే గనుక, ఏ వంతెనవద్ద, ఏ గేరులో ఆ చప్పుడు మొదట వినబడినదో అతడే చెప్పగలడు.