అక్కడెందుకుంటారు?

తుఫాను వచ్చినప్పుడల్లా పట్టణాల్లోని చదువుకున్నవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు: "సముద్రం పక్కన ఆ పల్లెల్లో ఎందుకుంటారు? లోపలికి వచ్చి బతకరాదా?" ఈ ప్రశ్నలో జాలి ఉంది. కాని ఆ జాలి వెనక ఒక తీర్పు కూడా ఉంది: చచ్చినవాళ్ళు తమ చావుకు తామే కొంత బాధ్యులని. ఆ తీర్పు న్యాయమైనదేనా?

కడపకు సముద్రం లేదు. అయినా ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. వానలు పడని ఏడల్లా "ఆ రాళ్ళలో ఎందుకుంటారు?" అని మమ్మల్నీ అడుగుతారు. మా పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఆ తీరంలోని పట్టపుపాళేల వాళ్ళకూ మాకూ ఈ విషయంలో చుట్టరికం ఉంది.

ఎక్కడ ఉండాలనేది మనిషి ఇష్టాన్నిబట్టి నిర్ణయమవుతుందని ఈ ప్రశ్న వేసేవాళ్ళు ముందే అనుకుంటారు. చేపలు పట్టేవాడికి ఒడ్డు నివాసం మాత్రమే కాదు, పనిచేసే చోటు కూడా. పడవను ఒడ్డుకు లాగేదీ, వల బాగుచేసేదీ, చేప ఎండబెట్టేదీ అక్కడే. వేకువన గాలివాటం చూసి వేటకు పోవాలో లేదో తేల్చుకునేదీ అక్కడే. పది మైళ్ళు లోపలికి తీసుకుపోతే అతని ఇల్లు భద్రం కావచ్చు. బతుకు భద్రం కాదు.

కాబట్టి అడగవలసింది ఎందుకుంటారని కాదు, ఉన్నవాళ్ళు ఎందుకు చస్తారని. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. 1990 మే నెలలో మళ్ళీ కృష్ణా తీరాన్ని మహా తీవ్రమైన తుఫాను తాకింది. అప్పటి మృతులు వెయ్యికి లోపు. ఈ పదమూడేళ్ళలో సముద్రం సాధువైపోలేదు. మెరుగైన హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు వచ్చాయి. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. రెండు తుఫానులూ అన్నివిధాలా ఒకటి కాకపోవచ్చు. అయినా, ఏర్పాట్లతో ఆపగలిగిన చావును ప్రకృతి ఖాతాలో రాయటం ఆత్మవంచన.

ఒక అభ్యంతరం ఉంది. ఉప్పాడ వంటి చోట సముద్రం నేలనే కోసుకుపోతున్నది. అక్కడివాళ్ళు వెళ్ళక తప్పదు కదా? నిజమే. కాని ఎట్లా వెళ్ళాలనేది కూడా నైతిక ప్రశ్నే. సోమశిల జలాశయం కింద మా జిల్లా ఊళ్ళు మునిగాయి. పరిహారం పొలానికీ ఇంటికీ లెక్కగట్టవచ్చు. ఇరుగుపొరుగుకూ, తెలిసిన పనికీ లెక్కగట్టలేదు. వెళ్ళేవాళ్ళు కలిసి వెళ్ళాలి, పనికి దగ్గరగా వెళ్ళాలి, ఎక్కడికో తామే చెప్పగలగాలి. అది లేనిది పునరావాసం కాదు, వెళ్ళగొట్టటం.

మరొకటి. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన గ్రామీణ తీరంలో 200 మీటర్ల మేర కొత్త నిర్మాణాలను కట్టడి చేసింది. 2019 నాటి ప్రకటన జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో దాన్ని 50 మీటర్లకు కుదించింది. బెస్తవాని గుడిసె ఉంటే ప్రమాదస్థలం. అక్కడే విహారకేంద్రం లేస్తే సుందర తీరం. "అక్కడెందుకుంటారు?" అని దాని యజమానిని ఎవరూ అడగటం లేదు.

ఆ ప్రశ్న పేదవాణ్ణి మాత్రమే అడుగుతున్నంత కాలం, అది అతని క్షేమం కోసం అడిగే ప్రశ్న అని నేను నమ్మలేను.