వినలేని గొంతును మెచ్చుకోవడం

గొంతు విప్పడం, గళమెత్తడం, గొంతు లేనివాళ్ల గొంతు కావడం. స్త్రీవాద సాహిత్యంలో ఈ మాటలు ఎన్నిసార్లు వాడుకున్నామో లెక్కలేదు. అయితే ఆ గొంతు వినడానికి ఎలా ఉంటుందని మనం పెద్దగా ఆలోచించినట్టు లేదు. మన వ్యాసాల్లో అది స్పష్టంగా, సహేతుకంగా తన పక్షం వినిపించే గొంతు. అదే గొంతు మాటల్ని వదిలేసి కేకగా, గుర్రుమనే శబ్దంగా, ఎక్కిళ్లుగా మారితే దాన్ని కూడా స్త్రీల గొంతు అంటామా? తలుపు వేసుకుంటామా?

అమెరికన్ గాయని డయమాండా గలాస్‌ను విన్నప్పుడల్లా నాకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఆమె 1955లో శాన్ డియెగోలో, గ్రీకు మూలాలున్న కుటుంబంలో పుట్టింది. చిన్నప్పటి నుంచీ పియానో నేర్చుకుంది, ఒపెరా గానం సాధన చేసింది. 1982లో 'ది లిటనీస్ ఆఫ్ సేటన్' వచ్చింది. తారస్థాయి కేక నుంచి గుండెల్లోంచి వచ్చే గుర్రుమనే శబ్దానికి ఆ గొంతు ఒక్క ఊపిరిలో దిగిపోతుంది. ఆమె ఆల్బం ఏదీ నేను ఏకబిగిన వినలేను. అయినా ఆమె అంటే నాకెంతో అభిమానం. భరించలేనిదాన్ని మెచ్చుకోవడం అంటే అర్థమేమిటి? ఇతరుల చావుల్లోంచి పుట్టిన గానాన్ని "అద్భుతం" అనడం న్యాయమేనా?

ఆ చావులు ఎయిడ్స్ చావులు. ఆమె సోదరుడు, నాటక రచయిత ఫిలిప్ దిమిత్రి గలాస్ 1986లో ఆ వ్యాధితోనే చనిపోయాడు. ఎయిడ్స్ మీద ఆమె చేసిన మూడు ఆల్బంలలో మొదటిది వచ్చిందీ ఆ సంవత్సరమే. ఆనాడు ఎయిడ్స్‌ను పాపానికి శిక్ష అన్నవాళ్లకు కొదవ లేదు. 1989 డిసెంబరులో న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్ కెథడ్రల్‌లో, కండోమ్‌లను వ్యతిరేకించిన చర్చి వైఖరికి నిరసనగా యాక్ట్ అప్ కార్యకర్తలు ఆందోళన చేశారు. అరెస్టయినవాళ్లలో గలాస్ ఒకరు. 1990 అక్టోబరులో అదే నగరంలో, సెయింట్ జాన్ ది డివైన్ అనే మరో కెథడ్రల్‌లో, ఒంటిపై రక్తం ధారలతో ఆమె 'ప్లేగ్ మాస్' పాడింది.

అందులో ఆమె లేవీయకాండంలోని అపవిత్రతా నియమాల్ని అందుకుంటుంది. స్రావమున్న మనిషి పడుకున్న పక్కా, కూర్చున్న చోటూ అంటే. ఆ అధ్యాయమే బహిష్టయిన స్త్రీని కూడా అదే జాబితాలో చేరుస్తుంది. మైల, అంటు అనే మాటల మధ్య పెరిగిన మనకు దీన్ని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. శాసించే గొంతునే ఆమె తన గొంతులోకి తీసుకుని, అందులోని క్రౌర్యం బయటపడేదాకా సాగదీస్తుంది.

ఇలాంటి గొంతు నుంచి తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. మంత్రగత్తె, పూనకం, పిచ్చి అనేయడం ఒకటి. ఇది పాత దారి. రెండోది మర్యాదస్తుల దారి: ఎంత శ్రుతి విస్తృతి, ఎంత శ్వాస నియంత్రణ అని సాంకేతికతను మెచ్చుకుని ఇంటికి వెళ్లిపోవడం. మొదటిది ఆమె సాధనను కాదంటుంది. రెండోది ఆమె కోపాన్ని కాదంటుంది. ఆ కోపం అంత సాధనతో వచ్చిందన్నదే అసలు సంగతి. అదుపు తప్పినట్టు వినిపించే ప్రతి కేకా ఎంతో అదుపులో ఉన్న కేక.

ఈ పద్ధతి కొత్తది కాదు. దక్షిణ గ్రీసులోని మాని ప్రాంతంలో చావింట స్త్రీలు ఆశువుగా శోకగీతాలు కట్టేవారు. హత్య జరిగిన ఇంట ఆ పాట పగ తీర్చుకోమనేది. గలాస్ తన గానాన్ని ఈ సంప్రదాయంతోనే ముడిపెట్టుకుంటుంది. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దంలోనే ఏథెన్స్‌లో సోలన్ స్త్రీల శోకానికి హద్దులు పెట్టాడని ప్లూటార్క్ రాశాడు. ఏడుపుకు అధికారం ఎందుకు భయపడింది? ఏడుపు చివరికి నేరారోపణ అవుతుంది కనక. స్త్రీ పర్వంలో గాంధారి విలాపం కృష్ణుడికి శాపమై ముగియడం మనకు తెలిసిందే.

అయినా ఒక అభ్యంతరం మిగులుతుంది. చనిపోయినవాళ్ల తరఫున పాడే హక్కు ఆమెకెవరిచ్చారు? మనమందరం హెచ్.ఐ.వి. పాజిటివ్ అని ఆమె తన వేళ్ల మీద పచ్చబొట్టు పొడిపించుకుంది. వైద్యపరంగా అది నిజం కాదు. ఆ "మనం"లో వాళ్ల బాధ ప్రత్యేకత కరిగిపోదా? 2003లో వచ్చిన 'డిఫిక్సియోనెస్' 1914-23 మధ్య ఒట్టోమన్ పాలనలో హతులైన ఆర్మీనియన్లు, అస్సీరియన్లు, గ్రీకుల కోసం చేసినది. అక్కడా ఇదే ప్రశ్న. నా మటుకు నాకు, శోకించే స్త్రీ చనిపోయిన మనిషికి ప్రతినిధి కాదు, సాక్షి. ఆ మనిషి బాధ తనదని ఆమె అనదు. ఈ చావుకు జవాబుదారు ఎవరని ఊరి నడిమధ్య అడుగుతుంది. ఆ పచ్చబొట్టును నేను అలాగే చదువుకుంటాను. వాళ్లను వేరుచేసి ఉంచిన గీతను చెరిపేయడానికే ఆ "మనం".

అందుకే ఈ అభిమానంలో నాకు హాయి లేదు, ఉండకూడదు కూడా. "బాగా పాడింది" అని ఆగిపోతే శోకగీతాన్ని కచేరీ చేసినట్టే. ఆమె అడిగే ప్రశ్న నన్నూ అడుగుతోందని ఒప్పుకుని, పక్కకు జరగకుండా వినడమే ఇక్కడ మెచ్చుకోవడం.

గట్టిగా ఏడ్చే ఆడదాన్ని మన ఇళ్లలో "రాగాలు తియ్యకు" అని కసురుతారు. ఆ ఏడుపులో సంగీతం ఉందని మన భాషకు ఎప్పుడో తెలుసు. తెలిసే నోరు మూయించింది.