పాడిన వారికి మనం ఇచ్చే సన్మానం

 

నవవిధ భక్తులలో మొదటిది శ్రవణం, రెండవది కీర్తనం అని ప్రహ్లాదుడు తన తండ్రికి చెప్పాడు. వినడం ముందు, పాడడం తరువాత. పాడేవారు ఒక్కరే అయినా వినే భాగ్యం అందరిదీ. ఆ భాగ్యాన్ని మనకు దశాబ్దాలుగా పంచిన శ్రీ గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారిని ఈ పండుగ వేళ స్మరించుకుందాము.

తాళ్ళపాక అన్నమాచార్యులవారు (1408–1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. అవి చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు ఉండిపోయాయి. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, పాడే వరుస మాత్రం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి పెద్దలు వాటికి స్వరాలు కూర్చి మళ్ళీ ప్రాణం పోశారు.

1948లో రాజమండ్రిలో జన్మించిన బాలకృష్ణప్రసాద్ గారు నేదునూరి వారి శిష్యులు. 1978 నుండి 2006 వరకు తిరుమల తిరుపతి దేవస్థానముల అన్నమాచార్య ప్రాజెక్టులో గాయకులుగా స్వామిని సేవించారు. ఆరు వందలకు పైగా సంకీర్తనలకు స్వరకల్పన చేశారు. మన పిల్లలు వేదిక మీద ముద్దుగా పాడే 'వినరో భాగ్యము విష్ణుకథ' వరుస ఆయనదే. 2025 మార్చి 9న తిరుపతిలో ఆయన స్వామి పాదాలను చేరారు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాము. మన గుడిలో కీర్తన సాగుతుండగా మనం వెనుక చేరి ఇళ్ళ ధరలు, పిల్లల చదువులు మాట్లాడుకుంటాము. కొందరం సరిగ్గా ప్రసాదం వేళకు వస్తాము. చివర పాడినవారికి ఒక శాలువా కప్పి, ఫొటో తీసుకుని, గౌరవించామనుకుంటాము. తన భక్తులు పాడే చోటే తాను ఉంటానని శ్రీహరి నారదునితో అన్నాడని పెద్దలు చెబుతారు. అలాగైతే మనం ఎవరి ఎదుట కబుర్లు చెప్పుకుంటున్నట్లు?

శాలువా కప్పడం తప్పు కాదు, అది చాలదు. మొదటి కీర్తనకు ముందే వచ్చి మంగళహారతి దాకా కూర్చుందాము. ఈ ఉత్సవాలు ముగిసేలోగా ప్రతి ఇంటా ఒక్క సంకీర్తన అర్థంతో సహా పిల్లలకు నేర్పుదాము. రాసినది ఎవరో, వరుస కట్టినది ఎవరో కూడా చెబుదాము. దూరదేశంలో పెరిగే బిడ్డ ఆ రెండు పేర్లూ చెప్పి పాడిన నాడు, ఆ గాయకునికి మన సన్మానం అందినట్లే.

శ్రీనివాసుని కరుణ మనందరిపై ఉండుగాక.